గంగకు పోవాలంటే ఎవరో ఒకరు చావాల్నా?

2014లో తెలంగాణ వచ్చిన తర్వాత మన ప్రాంతపు సినిమా మీద జరుగుతున్న సభల్లో ఒక వాక్యం తప్పకుండా వినబడుతోంది. మన ఆడవాళ్లు ఇన్నేళ్లూ కోస్తా సినిమాల్లోని గోదావరిని చూసి మురిసిపోయారట. తమ ఊరి పక్కన పారే గోదావరిని కన్నెత్తి చూడలేదట. ఇది సాంస్కృతిక బానిసత్వమట. చెప్పే మనిషి మారతాడు గానీ వాక్యం మారదు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు తలలూపుతారు. వెనక వరుసల్లో కూర్చున్న మనలాంటివాళ్లం టీ కోసం ఎదురుచూస్తూ నోట్సు రాసుకుంటాం.

ఆ వాక్యంలో నన్ను మొదట ఆపింది 'ఆడవాళ్లు' అన్న మాట. కోస్తా హీరోల పేర్ల మీద అభిమాన సంఘాలు పెట్టిందీ, కరీంనగర్‌లో, మంచిర్యాలలో థియేటర్ల ముందు కటౌట్లకు దండలు వేసిందీ, మొదటి ఆట టికెట్ల కోసం కొట్టుకున్నదీ ఎక్కువగా మగపిల్లలే. దానికి మన పరిశోధనల్లో గౌరవమైన పేర్లున్నాయి: అభిమాన రాజకీయం, ప్రజా సంస్కృతి. దాని మీద పుస్తకాలు వచ్చాయి, పట్టాలు వచ్చాయి. అదే సినిమాను ఆడమనిషి ఇష్టపడితే మాత్రం బానిసత్వం. మగవాడి ఇష్టం రాజకీయమూ ఆడదాని ఇష్టం అజ్ఞానమూ ఎప్పుడయ్యాయో, ఎవరు అట్లా పంచిపెట్టారో అడిగినవాళ్లు లేరు. ఈ వ్యాసం అది అడగడానికే.

అడగాల్సిన అవసరం ఒక ఎండుకాయ వల్ల వచ్చింది.

మా చిన్నమ్మ బీడీలు చేస్తుంది. పుట్టిల్లు గోదావరికి ఆవల, పాత ఆదిలాబాద్ జిల్లా ఖానాపూర్ వైపు. అత్తగారిల్లు ఈవల, పాత కరీంనగర్ జిల్లా మెట్‌పల్లి దగ్గర. (2016 అక్టోబరులో జిల్లాలు ముక్కలైన తర్వాత ఒకటి నిర్మల్‌లోకి, ఒకటి జగిత్యాలలోకి పోయాయి. మా ఇళ్లల్లో ఇప్పటికీ పాత పేర్లే నడుస్తున్నాయి.) బాబాయి దుబాయిలో. 2023 మాఘంలో ఊరి నుంచి ఒక బస్సు మాట్లాడుకుని నలభై మంది అన్నవరం, ద్రాక్షారామం, అంతర్వేది చూడటానికి పోయారు. చిన్నమ్మ చిట్టీ ఎత్తి ఆ బస్సెక్కింది. దేవుడి పని కాబట్టి బాబాయి ఫోన్‌లోనే సరేనన్నాడు. తిరుగు దారిలో, రాజమండ్రి దాటి కొవ్వూరు వైపు వచ్చాక, ఆమె డ్రైవర్‌ను బతిమాలి కుమారదేవం దగ్గర బస్సు ఆపించింది. అక్కడ గుడి లేదు. గోదావరి గట్టున ఒక చెట్టుంది. బస్సులో మగవాళ్లు గునిసినా ఇరవై నిమిషాలు దొరికాయి. ఆమె చెట్టు చుట్టూ తిరిగి, కింద రాలిన నల్లటి కాయ ఒకటి ఏరుకుని, కొంగు చివర ముడేసుకుని తెచ్చి నాకిచ్చింది. 'దేవత సినిమా చెట్టు కాయ బిడ్డా, నీకని తెచ్చిన' అంది.

ఆ చెట్టు సంగతి సినిమా తెలిసినవాళ్లందరికీ తెలుసు. నిద్రగన్నేరు. నూట యాభై ఏళ్లదని చెప్పుకునేవాళ్లు. 1970ల మధ్య నుంచి అక్కడ షూటింగులు మొదలై, దానికి 'సినిమా చెట్టు' అనే పేరు స్థిరపడిపోయింది. వందకు పైగా సినిమాలని కొందరు, మూడు వందలని కొందరు రాశారు. దర్శకుడు వంశీకి అది మరీ ఇష్టమైన చోటు. ఆ చెట్టు కింద తీశారని చెప్పే సినిమాల జాబితాల్లో 'దేవత', 'సీతారామయ్యగారి మనవరాలు' ఉంటాయి. 'దేవత' 1982లో వచ్చింది. చిన్నమ్మ పదేళ్ల పిల్లగా నిర్మల్‌లో హాల్లో చూసింది. నేను తొంభైల చివర్లో ఆమె ఇంట్లో, బాబాయి తెచ్చిన టీవీలో, ఆమె చేతి కింద బీడీలు కట్టలవుతుంటే చూశాను. ఎన్నిసార్లో లెక్క లేదు. మా ఇద్దరి చిన్నతనాలకూ ఉమ్మడిగా ఉన్న సినిమా అది.

ఒక సదస్సులో టీ దగ్గర మాటల్లో నేను ఈ కాయ సంగతి చెప్తే, అప్పుడే వేదిక మీద బానిసత్వం గురించి మాట్లాడి దిగిన పెద్దమనిషి నవ్వాడు. 'పారెయ్యమనమ్మా మీ చిన్నమ్మను. ఆ కాయ మన గడ్డ మీద మొలుస్తుందా?' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

మొలుస్తుంది. నిద్రగన్నేరు మన రోడ్ల పక్కన కూడా ఉంది, మన కాలేజీల ఆవరణల్లో ఉంది, దాని కాయలు మన మేకలూ తింటాయి. అసలది గోదావరి జిల్లాల చెట్టే కాదు. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన జాతి. తెలుగుదనానికి గుర్తుగా యాభై ఏళ్లు తెర మీద నిలబడ్డ చెట్టు పరదేశి చెట్టు. నేల పేరు చెప్పి ఇష్టాలకు హద్దులు గీసే పెద్దలు ముందు చెట్ల దగ్గర ఆ పని చేసి చూపిస్తే బాగుంటుంది.

కానీ నా కోపం వృక్షశాస్త్రం గురించి కాదు. మా చిన్నమ్మ ఇంట్లో ఒక అద్దాల బీరువా ఉంది. బాబాయి, మేనమామలు, మరుదులు గల్ఫ్ నుంచి తెచ్చిన వస్తువులన్నీ అందులో ఉన్నాయి. సెంటు సీసాలు, టార్చిలైట్లు, పాడైపోయిన టూ-ఇన్-వన్, పులిబొమ్మ దుప్పటి, ఎడారి ఒంటె బొమ్మ ఉన్న గడియారం. డెబ్బైల నుంచి మా రెండు జిల్లాల ఇళ్లల్లో ఈ బీరువాలు పెరుగుతూ వచ్చాయి. మగవాడు దూరం పోయి తెచ్చిన వస్తువు అతని కష్టానికి సాక్ష్యం. దాన్ని తుడిచి పెట్టుకుంటారు, వచ్చినవాళ్లకు చూపిస్తారు. దుబాయి మన గడ్డా అని, ఆ ఒంటె మన ఎడ్లను అవమానిస్తోందా అని ఏ విమర్శకుడూ అడగలేదు. ఆడమనిషి యాభై ఏళ్లొచ్చాక తన చిట్టీ డబ్బుతో ఒకసారి పోయి ఒక కాయ తెచ్చుకుంటే మాత్రం ప్రాంతం గుర్తొస్తుంది, ఆత్మగౌరవం గుర్తొస్తుంది.

ఆ పెద్దమనిషి వాదంలో నిజమేమీ లేదని నేను అనడం లేదు. ఉంది, చాలా ఉంది. తెలుగు సినిమా గోదావరి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడండి. 1964 'మూగమనసులు'లో పడవవాడి గోదావరి. 1973 'అందాల రాముడు'లో లాంచీ రాజమండ్రి వైపు నుంచి భద్రాచలం పోతుంది. 2006లో వచ్చిన 'గోదావరి'కి పేరే నదిది. అందులోనూ పడవ భద్రాచలం దాకానే. భద్రాచలానికి పైన నది ఉన్నట్టే తెర మీద తెలియదు. కాళేశ్వరం, మంథని, ధర్మపురి, బాసర, అన్నీ ఆ లాంచీకి అందని చోట్లు. నాసిక్ దగ్గర పుట్టిన నది మా దగ్గర ఆనకట్టలకు నీళ్లిచ్చి, రామగుండంలో కరెంటుకు నీళ్లిచ్చి, పోచంపాడు కింద, ఎల్లంపల్లి కింద ఊళ్లకు ఊళ్లను మింగి, ఆ తర్వాత కిందికి పోయి అందంగా కనిపిస్తుంది. మా దగ్గర 'గోదావరి' అన్న పేరు పెద్దగా తగిలింది బొగ్గు ఊరికి, గోదావరిఖనికి.

భాష సంగతి చెప్పక్కర్లేదు. మా మాట దశాబ్దాల పాటు రౌడీకి, పనిమనిషికి, హాస్యగాడికి ఇచ్చారు. 2019లో వచ్చిన 'గద్దలకొండ గణేష్' చూడండి. రౌడీ తెలంగాణ యాసలో మాట్లాడతాడు. అతని కథలో ప్రేమ రావలసి వచ్చినప్పుడు మాత్రం 'దేవత'లోని గోదావరి పాటను, బిందెలతో సహా, మళ్లీ తెచ్చి పెట్టుకున్నారు. హింసకు మా యాస, ప్రేమకు ఆ నది. ఈ పంపకాన్ని ఎంత తిట్టినా తక్కువే. తిట్టిన తర్వాత చేసే పని దగ్గరే నాకు పేచీ. పంపకం చేసినవాడిని వదిలేసి, సినిమా చూసినదాన్ని దోషిని చేస్తున్నారు.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే సభల్లో దాని ఊసే రాదు. మా ఊళ్లల్లో ఆడవాళ్లు గోదావరిని ఎక్కువగా గోదావరి అనరు. గంగ అంటారు. 'గంగకు పోయినం', 'గంగల కలిపినం'. చిన్నమ్మ నోట ఈ రెండు మాటలూ ఉన్నాయి, రెండింటికీ వేరువేరు అర్థాలున్నాయి. గంగ అంటే ధర్మపురి. తాత అస్థికలు కలిపింది అక్కడ, మొక్కులు తీర్చింది అక్కడ, 2015 పుష్కరాల్లో తొక్కిసలాటకు భయపడుతూ మునిగింది అక్కడ. గోదావరి అంటే సినిమాలోది: పడవ, ఇసుక, గాలికి ఎగిరే పైట. రెండూ ఒకటే నీళ్లని ఆమెకు తెలుసు. నది ఒడ్డున పుట్టి, ఆ నది దాటి అత్తగారింటికి వచ్చిన మనిషికి భూగోళం మనం చెప్పాలా? ఆమెకు తెలిసి, మన పండితులకు తెలియనిది ఒకటుంది. గంగకు పోవాలంటే కారణం కావాలి. ఎవరైనా చనిపోవాలి, లేదా ఎవరికైనా జబ్బు చేసి నయం కావాలి, లేదా పన్నెండేళ్లు గడవాలి. ఉత్తగా గంగ ఒడ్డుకు పోయి కూర్చున్న ఆడదాన్ని మా ఊళ్లో 'ఏమైంది దీనికి?' అని చూస్తారు. దుంకడానికి వచ్చిందేమోనని భయపడతారు కూడా.

కాబట్టి ఊరి పక్కన పారే గోదావరిని మా ఆడవాళ్లు మరచిపోయారన్న మాట అబద్ధం. ఆ నదిని వాళ్లు చావుకూ మొక్కుకూ చాకిరికీ వాడుకున్నారు, ఎందుకంటే వాళ్లకు ఇచ్చింది ఆ మేరకే. సంతోషానికి ఇవ్వలేదు. అది ఇవ్వనిది కోస్తా నిర్మాతలు కాదు, మన ఇళ్లు. సంతోషపు నది తెర మీద దొరికితే దాన్ని పట్టుకున్నారు. ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రాన్ని లొంగదీసిన కథగా మాత్రమే దీన్ని చెప్తే, ధర్మపురి మెట్ల మీద ఒక ఆడది కారణం లేకుండా ఒక సాయంత్రం ఎందుకు కూర్చోలేకపోయిందో చెప్పకుండా దాటెయ్యడానికి వీలు చిక్కుతుంది.

ఇక 'దేవత' సంగతి. మనం, స్త్రీవాద విమర్శకులం, ఆ పేరు వినగానే మూతి ముడుస్తాం. ముడవడానికి కారణాలున్నాయి. చెల్లెలి కోసం, తను ప్రేమించిన మనిషిని వదులుకున్న అక్క కథ అది. పేరు దగ్గరే తీర్పుంది: త్యాగం చేస్తే దేవత. జయప్రద ఏడుస్తుంది, శ్రీదేవి ఆడుతుంది, శోభన్‌బాబు ఇద్దరికీ నడుమ నిలబడతాడు. ఇలాంటి కథలు ఎన్ని తరాల ఆడపిల్లలకు త్యాగం నేర్పాయో మనం చాలా రాశాం. సరిగానే రాశాం. కానీ రాసేటప్పుడు ఒకటి ఊహించుకున్నాం, చూసినవాళ్లంతా కథనే తిన్నారని. చిన్నమ్మను నేను అక్క త్యాగం గురించి గుచ్చి గుచ్చి అడిగాను. ఆమెకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు. 'అట్ల చేస్తరా ఎవరన్న? సినిమ గదా' అంది. తర్వాత పాట దగ్గరికి వచ్చింది. ఆ పాట మీకు గుర్తుండే ఉంటుంది. ఇసుకలో వరసలు వరసలుగా బిందెలు, బిందెల నడుమ ఆట.

'అన్ని ఉత్త బిందెలే బిడ్డా' అంది చిన్నమ్మ. 'నిండిన బిందె నడుముకు పెట్టుకున్నదాని నడక గట్లుంటదా? మెడ నరాలు గుంజుకపోవు? నాకు చిన్నప్పుడే తెలుసు అవి ఉత్తయని. గందుకే మంచిగనిపించింది.'

గందుకే. ఈ ఒక్క మాట మీద నేను చాలా రోజులు ఉండిపోయాను. ఖాళీ బిందెలని తెలియక మోసపోయి ఇష్టపడలేదు, తెలిసే ఇష్టపడింది. ఆమె పుట్టిన వైపు ఎండాకాలం బావులు ఎండితే వాగులో చెలిమె తీసి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, చెంబుతో తోడి బిందె నింపుకోవాలి. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గోండు, కోలాం గూడేల్లో ఆడవాళ్లు అట్లా చెలిమెల దగ్గర కాపలా కాసిన ఫోటోలు తెలంగాణ వచ్చిన తర్వాత కూడా ప్రతి వేసవిలో పత్రికల్లో చూశాం. పదేళ్ల పిల్ల, రోజూ నెత్తిన బిందె మోసే పిల్ల, హాల్లో కూర్చుని చూసింది: లెక్కలేనన్ని బిందెలు, ఒక్కదాంట్లో చుక్క నీళ్లు లేవు, ఒక్క మెడ మీద బరువు లేదు. బిందె ఆడుకునే వస్తువు కావచ్చునని ఆ పిల్లకు ఆ రోజు తెలిసింది. ఆ దృశ్యాన్ని తీసినవాళ్లు శ్రమను అందంగా మార్చి అమ్మారని మనం రాస్తాం. అది తయారుచేసినవాళ్ల గురించిన మాట. చూసిన పిల్ల అందులోంచి బరువు లేని బిందెను తీసుకుని ఇంటికి పోయింది. ఆ పిల్ల గురించి మనం రాసింది ఎంత?

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను కూర్చోబెట్టి వాళ్ల మాటల్లోనే వాళ్ల బతుకు చెప్పించారు. పోరాటాన్ని తక్కువ చేస్తున్నారని ఆ స్త్రీల మీద తీర్పు ఇవ్వలేదు, వాళ్లకు సిద్ధాంతం అప్పగించలేదు. ఆ పుస్తకాన్ని మనం పాఠ్యాంశంగా పెట్టుకున్నాం, శతజయంతులకు తలుచుకుంటాం, కానీ ఆ పద్ధతిని సినిమా చూసిన స్త్రీల దగ్గరికి తీసుకుపోలేదు. బీడీల చాట ముందు కూర్చుని నలభై ఏళ్లు సినిమాలు చూసిన, విన్న స్త్రీలు కోరుట్లలో, మెట్‌పల్లిలో, నిర్మల్‌లో వేల మంది ఉన్నారు. ఆదిలాబాద్ అడవి తునికాకు తెంపిన చేతులూ, ఆ ఆకు కత్తిరించి చుట్టిన చేతులూ వాళ్లవే. ప్రభుత్వానికి వాళ్లు 2015లో పింఛను జాబితాలో కనిపించారు, వెయ్యి రూపాయలకు. 2019లో అది 2016 రూపాయలైంది. మన విమర్శకు వాళ్లు ఇంకా కనిపించలేదు. కనిపించినప్పుడు బానిసలుగా కనిపించారు.

సరే, కోస్తా గోదావరి వద్దు, మన సినిమా మనం తీసుకుందాం అన్నారు. తీసుకున్నాం. సంతోషమే. కానీ మన నేల తెర మీదకు వచ్చిన ప్రతిసారీ అందులో ఆడదానికి ఎక్కడ చోటు దొరికిందో చూడండి. 1988 'దాసి'. బి. నర్సింగరావు తీసిన గొప్ప సినిమా, అర్చనకు జాతీయ అవార్డు వచ్చింది. అక్కడ గడీ గోడల మధ్య ఆడమనిషి ఊపిరి కూడా దొరది. 1997 'ఒసేయ్ రాములమ్మ'. అక్కడ ఆమె తుపాకి పట్టాలంటే ముందు చెరచబడాలి. గడీ, రక్తం, అడవి. ఈ నేల మీద ఆడమనిషికి బాధ లేకుండా ఒక మధ్యాహ్నం కూడా ఉండదన్నట్టు తీశారు. 2017 'ఫిదా' మాత్రం కొంచెం గాలి ఆడనిచ్చింది. బాన్సువాడ పిల్ల మా మాటలోనే ప్రేమించింది, మా మాటలోనే తగువు పడింది, ఇల్లు వదిలి రానంది. ఆ సినిమా తీసిన ఇంటిని చూడటానికి జనం పోయారు కూడా. చిన్నమ్మకు ఆ ఇల్లు చూడాలని ఉంది. నాకూ ఉంది.

తర్వాత 2023లో 'బలగం'. సిరిసిల్ల వైపు తీసిన సినిమా, సిరిసిల్ల మనిషి తీసిన సినిమా, ఊళ్లల్లో తెరలు కట్టి చూసిన సినిమా. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఇన్నాళ్లకు మన ఇల్లు, మన వాకిలి, మన పలుకు 'లొకేషన్' అయ్యాయని సభల్లో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నేనూ కలుస్తాను. కానీ మన నేల చివరికి లొకేషన్ అయింది దేనికి? చావుకు, పిట్టకు పెట్టిన ముద్దకు. పిట్ట ముట్టకపోవడానికి మూలమైన తగాదా ఏమిటి? దావత్‌లో నల్లిబొక్క తనకు పడలేదని అల్లుడికి వచ్చిన పౌరుషం. ఆ పౌరుషం వల్ల ఇరవై ఏళ్లు పుట్టింటికి రాకుండా పోయింది ఎవరు? అల్లుడు కాదు, బిడ్డ. మగవాళ్లు ముక్క కోసం తగువు పడితే ఆడమనిషికి పుట్టిల్లు పోతుంది. తండ్రి చచ్చిపోతే తప్ప ఆమె ఆ గడప తొక్కలేకపోయింది. సినిమా ఈ సంగతి చూపించింది, దాని నిజాయితీ దానిది. దాని మీద వచ్చిన వ్యాసాల్లో నేను చదివినవన్నీ కుటుంబం కలిసిపోవడం గురించే పొంగిపోయాయి. ఒక ఆడమనిషి ఇంటికి రావడానికి శవం కావలసి వచ్చిందన్న మాట దగ్గర ఆగిన వ్యాసం ఒక్కటీ నా కంటబడలేదు. గంగకు పోవాలన్నా, పుట్టింటికి పోవాలన్నా చావే టికెట్టు. కోస్తా వాడి గోదావరిలో ఆమె బొమ్మ, మన వాకిట్లో ఆమె ఏడుపు. ఈ రెంటిలో ఏదో ఒకటి తీసుకోమంటే, కనీసం బరువు లేని బిందె ఉన్నదాన్ని తీసుకున్న మనిషిని నేను తప్పుపట్టను.

అసలు గొడవ సినిమాది కూడా కాదేమోనని నాకు 2023 డిసెంబరు తర్వాత గట్టిగా అనిపించింది. ఆ నెల 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. వారం తిరగకుండానే మొదలయ్యాయి జోకులు. పనీపాటా లేక తిరుగుతున్నారని, ఉత్తపుణ్యానికి బస్సెక్కి ఎల్లిపాయలు పొట్టు తీసుకుంటున్నారని, కూరగాయలకు జిల్లా కేంద్రానికి పోతున్నారని. జగిత్యాల బస్టాండులో నేను నా చెవులతో విన్నాను: 'వీళ్లకేం పని?' ఎంత గొప్ప ప్రశ్న! మగవాడు హోటల్ ముందు మూడు గంటలు నిలబడితే అతనికేం పనని ఎవరూ అడగరు. ఆడమనిషి బస్సెక్కితే కారణం చూపించాలి: ఆసుపత్రి, అంత్యక్రియలు, పెళ్లి, దేవుడు. డ్రైవర్‌ను బతిమాలి చెట్టు దగ్గర బస్సు ఆపించినప్పుడు మా చిన్నమ్మ చేసిన నేరం అదే. నలభై మంది దేవుడి కోసం బయల్దేరిన బస్సులో ఆమె ఇరవై నిమిషాలు తన కోసం తీసుకుంది. మగవాళ్లు గునిసింది ఆలస్యానికి కాదు. అంతకుముందు చాయ్‌ల దగ్గర వాళ్లు పోగొట్టిన సమయం దీనికి రెండింతలు.

సభలో కాయను చూసి నవ్విన పెద్దమనిషి, బస్టాండులో ఆ ప్రశ్న వేసిన మనిషి ఒకళ్లనొకళ్లు ఎరగరు. ఒకతను ప్రాంతం పేరు చెప్పాడు, ఒకతను ప్రభుత్వ ఖజానా పేరు చెప్పాడు. ఇద్దరూ ఆడిటర్లే. ఆడదాని సంతోషానికి లెక్క అడిగే హక్కు తమకు పుట్టుకతో వచ్చిందని ఇద్దరి నమ్మకం.

2024 ఆగస్టులో గోదావరి వరదకు గట్టు కోసుకుపోయి కుమారదేవం చెట్టు కూలిపోయింది. పత్రికలు సినిమాల పేర్లు, దర్శకుల పేర్లు, హీరోల పేర్లు రాశాయి. మోడును మళ్లీ బతికించాలని ప్రయత్నాలు కూడా జరిగాయి. చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్తే, 'ముసలిది గదా బిడ్డా' అంది. తర్వాత, పోయినేడు చూసొచ్చిన, మంచిగైంది అంది. అంతే. ఒక యుగం ముగిసిందని వ్యాసాలు రాసింది మనం. ఆమెకు ఆ చెట్టు మీద మనకున్నంత మమకారం కూడా లేదు. చూడాలనుకున్నది చూసింది.

ఇప్పుడు ఆమె నెలకోసారి, మంగళవారమో బుధవారమో, మెట్‌పల్లిలో బస్సెక్కి ధర్మపురి పోతోంది. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. పక్కింటి ఇద్దరు బీడీల ఆడవాళ్లు కూడా తోడు పోతున్నారు. గుడికి పోయి వస్తున్నామని ఇంట్లో చెప్తారు. గుడిలో పది నిమిషాలుంటారు, మెట్ల మీద రెండు గంటలుంటారు. 'ఏం చేస్తరు చిన్నమ్మా అక్కడ?' అంటే, 'ఏం చెయ్యం' అంది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర నుంచి కాళేశ్వరం దాకా ఘాట్లు కడతారు, కోట్లు ఖర్చవుతాయి, వీఐపీల స్నానాలకు దార్లు వేస్తారు. మన మేధావులు తెలంగాణ గోదావరి వైభవం మీద ప్రత్యేక సంచికలు వేస్తారు, నన్ను కూడా వ్యాసం అడగొచ్చు. అడిగితే నేను రాయబోయేది ఇప్పుడే చెప్పేస్తున్నాను. పన్నెండు రోజుల జనం కోసం వేసే రేకుల షెడ్లు కాదు, ఏడాది పొడుగునా ఆడవాళ్లు కూర్చోగలిగిన నీడ కావాలి. నీళ్లుండి, గొళ్లెం పడే మరుగుదొడ్లు కావాలి. బట్టలు మార్చుకునే గది తాళం పూజారి దగ్గర కాకుండా అక్కడే ఉండాలి. పొద్దుగూకిన తర్వాత మెట్‌పల్లికి, ఖానాపూర్‌కు చివరి బస్సు కావాలి. ఇప్పుడున్నది వెలుతురుండగానే వెళ్లిపోతోందట. సూర్యుడు గంగలో దిగేది చూడాలంటే వాళ్లకు ఇంతవరకు కుదరలేదు.